కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళెందుకు?

కాలి వేలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టడమేమిటని ఒక పాఠకుడు అడిగారు. విషం పైకి పాకుతోందని భయపడేవాళ్ళున్నారు, నలిపి కరిగించబోయేవాళ్ళూ ఉన్నారు. నలపకండి. లోపల పెద్ద వెతుకులాట నడుస్తోంది. (వారాలు గడిచినా తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.)

తెల్లరక్తకణాలు సూక్ష్మజీవుల్ని మింగుతాయని బడిలో చదివిందే. నాకు మాత్రం మింగినదాన్ని మోసుకెళ్ళి చూపించే కణమంటే మక్కువ. అది డెండ్రిటిక్ కణం, కొమ్మలు చాచిన చెట్టులా ఉంటుంది. రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ 1973లో ఎలుక ప్లీహంలోని ఈ కణాల గురించి ప్రకటించారు. 2011లో స్టైన్‌మన్‌కు నోబెల్ ప్రకటించేనాటికి ఆయన పోయి మూడు రోజులైంది. కమిటీకి ఆ సంగతి తెలియదు. బహుమతి ఆయనకే ఉంచేశారు.

పుండు దగ్గర ఈ కణం బ్యాక్టీరియాను మింగి, దాని ప్రోటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఎంహెచ్‌సీ అనే అణువుల్లో పెట్టి ఒంటిమీద ప్రదర్శిస్తుంది. సీసీఆర్7 అనే గ్రాహకాన్ని, అంటే రసాయన జాడను పసిగట్టే అణువును కూడా తొడుక్కుంటుంది. ఒంట్లోని తేట ద్రవాన్ని మోసే లింఫ్ నాళాలు విడిచే సీసీఎల్21 అనే రసాయనం జాడ పట్టుకుని గజ్జల్లోని లింఫ్ గ్రంథికి చేరుతుంది. ఉబ్బితే మన చేతికి తగిలే బిళ్ళ ఇదే.

అంత దూరం ఎందుకంటే, ఆ ముక్కను పోల్చుకోగల టీ కణం (ఇదీ ఒక రకం తెల్లరక్తకణమే) లక్షకో, పది లక్షలకో ఒకటి ఉంటుంది. ఒళ్ళంతా జల్లెడ పట్టినా దొరకదు. గ్రంథిలోనైతే టీ కణాలన్నీ వంతులవారీగా వచ్చిపోతుంటాయి. వచ్చిన ప్రతిదీ డెండ్రిటిక్ కణాన్ని తడిమి చూస్తుంది, కాదనుకుంటే నిమిషాల్లో వదిలేస్తుంది. సరిపడితే గంటల తరబడి వదలదు.

ముక్క సరిపడినా అదొక్కటే చాలదు. డెండ్రిటిక్ కణం మీది బీ7 అనే అణువు, టీ కణం మీది సీడీ28 అనే అణువును తట్టాలి. సూక్ష్మజీవి ఆనవాలు తగిలితేనే బీ7 దండిగా పైకొస్తుంది. ముక్క ఉండి బీ7 లేకపోతే టీ కణం మొద్దుబారిపోతుంది. మన సొంత ప్రోటీన్ల మీద పడకుండా అదొక అడ్డుకట్ట. పాఠాల్లో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక బిళ్ళ. టీ కణం గ్రంథి దాటాలంటే ఎస్1పీ అనే కొవ్వు అణువు జాడ తెలియాలి. ఇన్ఫెక్షన్ వేళ సీడీ69 అనే ప్రోటీన్ ఆ జాడ పట్టే గ్రాహకాన్ని లోపలికి లాగేస్తుంది. వచ్చేవి వస్తూనే ఉంటాయి, పోయేవి ఆగిపోతాయి, గ్రంథి ఉబ్బుతుంది. దొరికిన ఆ ఒక్క కణం ఐఎల్-2 అనే సంకేత ప్రోటీన్ ప్రేరణతో నాలుగైదు రోజుల్లో వేలకు వేలవుతుంది. అప్పుడు గ్రాహకం మళ్ళీ పైకొచ్చి ఆ కణాలు రక్తంలో పడతాయి. వాచిన వేలి దగ్గర రక్తనాళాల గోడలు అప్పటికే జిగురు అణువులు తొడిగి ఉంటాయి. వాటికి అంటుకుని, గోడ దూరి, పుండులోకి దిగుతాయి.