ఎర్రచందనం కావాలా, సరైన రెక్క కావాలా? కొయ్య విమానాలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కొయ్య పని అంటే దేవుడి విగ్రహాలు, గరుడ వాహనం, కొలువు బొమ్మలు గుర్తుకొస్తాయి. మా నాన్నగారు చేసింది అదే, నేను ఉలి పట్టింది కూడా వాటి మీదే. కొన్నేళ్లుగా నా బల్ల మీద మాత్రం ఎక్కువగా మన వైమానిక దళపు రవాణా విమానాలే ఉంటున్నాయి. ఎక్కువమంది కొనేది పదవీ విరమణ చేసిన తండ్రికో, మామగారికో కానుకగా ఇవ్వడానికి. వచ్చేవారి మనసులో కొన్ని తప్పు అభిప్రాయాలు గట్టిగా నాటుకుపోయి ఉంటాయి. వాటి వల్ల వారి డబ్బు వృథా అవుతోంది, మంచి పనికి విలువ తగ్గుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తిరుపతి కొయ్య పని అంటే ఎర్రచందనంతోనే చేయాలి.

శేషాచలం కొండల నీడలో ఉన్న ఊరు కాబట్టి ఈ ఆశ సహజమే. కానీ ముందు చట్టం సంగతి చూడాలి. అటవీ శాఖ అనుమతి, సరైన పత్రాలు లేని ఎర్రచందనాన్ని కొనడం, తరలించడం నేరం. అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో 1995 నుంచి ఈ చెట్టు ఉంది. అమెరికాలోని అబ్బాయికి పంపాలనుకుంటే అక్కడా చిక్కే.

చట్టాన్ని పక్కన పెట్టినా, విమానానికి ఆ కర్ర నప్పదు. ఎర్రచందనం చేవ నీటిలో వేస్తే మునిగేంత బరువు. నలభై సెంటీమీటర్ల రెక్క ఉన్న బొమ్మను ఒక్క సన్నని కడ్డీ మీద నిలబెట్టాలి, అక్కడ బరువే శత్రువు. పైగా చివరికి బూడిద రంగు వేసే వస్తువుకు ఎర్రటి చేవ ఎందుకు? పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే టేకు దూలాలంటే నాకు ప్రాణం. ఏళ్ల తరబడి ఎండకూ చలికీ ఓర్చుకున్న కర్ర ఇక కొత్తగా వంకర పోవడం అరుదు. విమానపు మొండెం, అంటే పొట్ట భాగానికి తేలికైన గుమ్మడి టేకు వాడతాను.

అపోహ: కర్ర మంచిదైతే చాలు, ఎటు నుంచి కోసినా ఒకటే.

నా దృష్టిలో ఈ పనికి ఆయువుపట్టు ఇదే. ఆరేటప్పుడు కర్ర పొడవులో దాదాపు తగ్గదు. అడ్డంలో మాత్రం తగ్గుతుంది, తేమ తగిలితే మళ్లీ ఉబ్బుతుంది. కాబట్టి విమానంలో ప్రతి భాగానికీ నార, అంటే కర్రలోని పీచు, ఎటు నడవాలో ముందే తేల్చుకోవాలి. పొట్టకు ముక్కు నుంచి తోక వరకు, రెక్కకు మొదలు నుంచి కొస వరకు, తోక మీది నిలువు ఫలకానికి కింది నుంచి పైకి.

మన దళపు పెద్ద జెట్ రవాణా విమానాలు గ్లోబ్‌మాస్టర్, ఐఎల్-76ల రెక్కలు సుమారు 25 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటాయి. రెండు రెక్కలనూ ఒకే పలకలో కోస్తే పని తొందరగా అవుతుంది, చూడటానికీ బాగుంటుంది. కానీ కొస దగ్గర నార రెక్క వెంట నడవక అడ్డంగా తెగిపోతుంది. దుమ్ము దులిపేటప్పుడు గుడ్డ తగిలినా అక్కడ విరుగుతుంది. అందుకే రెండు రెక్కలనూ విడిగా, వాలుకు తగ్గ నారతో కోసి, పొట్టలోని తొలిలోకి కుసి (రెక్క మొదట్లో చెక్కిన నాలుక) దింపి కలపాలి.

ఈ లెక్క తెలిసి కూడా ఒకసారి దెబ్బతిన్నాను. కార్తీక మాసపు వానల్లో ఒక ఐఎల్-76 చేశాను. కర్ర ఆరిందనే నమ్మాను. మే నెల ఎండలు ముదిరాక చిత్తూరు నుంచి ఆ పెద్దాయన దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చారు. రెక్క పొట్టలో దిగే చోట, ముందు అంచున వెంట్రుక మందాన సందు. రెక్క వెడల్పు తగ్గింది, దాన్ని పట్టుకున్న పొట్ట పొడవు తగ్గలేదు. ఆ సందు చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్త రెక్కలు చేసి ఇచ్చాను. అప్పటి నుంచి కోసిన పలకను రెండు కాలాలు గడవనిదే ముట్టుకోను. కుసికి నడిమి భాగంలో మాత్రమే జిగురు పెట్టి, ముందూ వెనుకా కర్ర మెదలడానికి చోటు వదులుతున్నాను.

అపోహ: రవాణా విమానం అంటే లావుపాటి గొట్టానికి రెండు రెక్కలు.

యుద్ధ విమానం సొగసైనదనీ, ఇది మోటుదనీ అంటుంటే నాకు బాధగా ఉంటుంది. దీని ఒంటి మీద ప్రతి గీతా అది మోసే బరువు నుంచే పుట్టింది. 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగర్‌లో దింపిన డకోటాను చూడండి. రెక్కలు కింద, చిన్న చక్రం తోక దగ్గర. నేల మీద ముక్కెత్తి కూర్చుంటుంది, లోపలి నేల ఏటవాలు. సామాను ఎక్కించడమంటే మెట్ట ఎక్కించినట్టే. తర్వాత వచ్చిన హెర్క్యులెస్‌లో రెక్క పైకి పోయింది, పొట్ట నేలకు దిగింది, తోక కింది భాగం పైకి లేచి అక్కడ వాలుతలుపు, అంటే నేలకు వాలి దారిగా మారే తలుపు వచ్చింది. లారీ వెనుక నుంచి నేరుగా లోపలికి పోతుంది. పొట్ట నుంచి తోకకు లేచే ఆ వంపు తప్పితే ఎంత రంగు వేసినా హెర్క్యులెస్ కాదు.

మన దేశపు అవసరాల కోసం రూపొందిన ఏఎన్-32లో ఇంజన్లు రెక్కకు పైన ఎక్కి కూర్చుంటాయి. వేడిలోనూ కొండల ఎత్తుల్లోనూ పనిచేయడానికి శక్తిమంతమైన ఇంజన్లు పెట్టారు, వాటి పెద్ద ప్రొపెల్లర్లు నేలకూ పొట్టకూ తగలకూడదు కదా. చెక్కేటప్పుడు ఆ ఇంజన్ గూళ్లను రెక్కకు కిందుగా దించేస్తే అది వేరే విమానం అయిపోతుంది.

అపోహ: ఫోనులో ఒక ఫోటో ఉంటే చాలు.

చాలదు. దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముక్కు ఉబ్బుతుంది, తోక కుంచించుకుపోతుంది. పై నుంచి, పక్క నుంచి, ఎదుటి నుంచి గీసిన మూడు కొలతల బొమ్మలు కావాలి. వాటి నుంచి అట్ట నమూనాలు కోసి, చెక్కుతున్నప్పుడు ఒంటికి ఆనించి చూసుకోవాలి. ఏ రకమో కూడా కచ్చితంగా చెప్పాలి. 2011లో మన దళంలో చేరిన సూపర్ హెర్క్యులెస్ పొడవు పెంచిన రకం, సుమారు 34.4 మీటర్లు. మొదటి హెర్క్యులెస్‌లు దాదాపు 4.6 మీటర్లు పొట్టి. నూరో వంతు నమూనాలో అది 4.6 సెంటీమీటర్లు. పాత వాటిలో ఎక్కువ వాటికి ప్రొపెల్లర్‌కు నాలుగు బ్లేడులైతే మన వాటికి ఆరు. ఆ ఆరింటినీ ఒకే బిళ్లలో కోస్తే కొన్నింటికి నార అడ్డం పడుతుంది. నేను ఇరవై నాలుగింటినీ విడివిడిగా చెక్కి గుచ్చుతాను. 2013 ఆగస్టులో 16,600 అడుగులకు పైగా ఎత్తున్న లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగిన ఈ రకం విమానానికి నాలుగు బ్లేడులు పెట్టి ఇవ్వడం నాకు చేతకాదు.

అపోహ: స్కేలు నమూనా అంటే అన్నీ అదే నిష్పత్తిలో ఉండాలి.

పొడవు, వెడల్పు, కోణాల్లో రాజీ లేదు. కానీ రెక్క వెనుక అంచు అసలు విమానంలో మూడు మిల్లీమీటర్లుంటే నూరో వంతులో కాగితం కన్నా పలుచన. కర్రను అంతగా అరగదీస్తే రాలిపోతుంది. మిల్లీమీటరు ఉంచి, కొసన కాస్త గుండ్రం చేస్తే కంటికి పలుచగానే కనిపిస్తుంది. యాంటెన్నాలకు ఇత్తడి తీగ వాడతాను. మెరిసే వార్నిష్ అడిగేవారికి ఒక్క మాట: ఈ విమానాల బూడిద రంగు మెరవదు. మెరుగు కింద గీతలన్నీ మునిగిపోతాయి.

అపోహ: ఇవి పిల్లల ఆటవస్తువులు.

1942లో అమెరికా నౌకాదళం తమ దేశపు బడి పిల్లలను 5 లక్షల కొయ్య విమానాలు చేసి ఇమ్మని కోరింది. ఆకారం చూసి ఇది మనది, అది శత్రువుది అని సైనికులు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి. వాటిని 72వ వంతులో చేయించారు. ఆరడుగులకు ఒక అంగుళం, లెక్క సులువు.

ఆ కొలతలోనే నేను చేసిన ఏఎన్-32ను చూడటానికి, అందులో సామాను ఎక్కించే పని చేసి విరమించిన ఒక పెద్దాయన రేణిగుంట నుంచి వచ్చారు. అద్దాలు తీసి పక్కన పెట్టి, వేలితో పొట్ట కింది నుంచి తోక వైపు నెమ్మదిగా తడిమారు. వాలుతలుపు గీత దగ్గర వేలు ఆగింది. "బాబూ, ఈ తలుపు జరిగి పొట్ట కిందికి పోతుంది. గీత పావు అంగుళం ముందుకు రావాలి" అన్నారు. పావు అంగుళం అంటే అసలు విమానంలో అడుగున్నర. ఆయన వెళ్లాక కొలతల బొమ్మ విప్పి అట్ట ఆనించి చూశాను. ఆయన వేలు ఆగిన చోటే సరైనది. ఆ గీతను లప్పంతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ గీశాను.