మీటలు నొక్కే తీరు మీ ఖాతాను కాపాడగలదా? అపోహలు - వాస్తవాలు

పాస్‌వర్డ్ దొంగిలించినవాడు మీ పేరుతో లాగిన్ కాగలడు. మీలాగే టైప్ చేయడం మాత్రం అంత తేలిక కాదు. మీట మీద వేలు ఎంతసేపు నిలిచింది, అక్కడినుంచి తరువాతి మీటకు ఎంతలో చేరింది, మౌస్ ఏ వంపులు తిరిగి బటన్ దగ్గరికి వచ్చింది, ఫోనును ఏ కోణంలో పట్టుకున్నారు అన్నవి మిల్లీ సెకన్ల స్థాయిలో కొలిచి, ఖాతాదారు పాత అలవాటుతో పోల్చి చూడటమే బిహేవియరల్ బయోమెట్రిక్స్. నేను పనిచేసే రంగం ఇదే. దీన్ని అతిగా నమ్మేవారూ ఉన్నారు, అనవసరంగా భయపడేవారూ ఉన్నారు.

అపోహ: ఇది కృత్రిమ మేధతో నిన్నమొన్న పుట్టిన విద్య.

వాస్తవం: కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల మోర్స్ సందేశాలను ఆలకించిన బ్రిటిష్ సిబ్బంది, చుక్కలూ గీతలూ పంపే తీరును బట్టి అవతలి ఆపరేటర్ ఎవరో పోల్చుకునేవారు. టైపిస్టులను వారి లయతో, అంటే మీటలు నొక్కే వేగం, విరామాల తీరుతో గుర్తించవచ్చా అన్న ప్రశ్నపై అమెరికాలోని ర్యాండ్ పరిశోధనా సంస్థ 1980లోనే నివేదిక వెలువరించింది.

అపోహ: ఇది వేలిముద్రంత కచ్చితం.

వాస్తవం: ఈ నమ్మకమే అన్నిటికంటే ప్రమాదకరం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఒక తులనాత్మక అధ్యయనం ప్రచురించారు. 51 మంది ఒకే పాస్‌వర్డ్‌ను తలా 400 సార్లు టైప్ చేశారు. ఆ సమాచారంపై 14 పద్ధతులను పరీక్షిస్తే, అన్నిటిలో మెరుగైనదానికి కూడా సమాన దోష రేటు సుమారు 9.6 శాతం వచ్చింది. అంటే అసలు మనిషిని తప్పుగా ఆపడమూ, దొంగను తప్పుగా వదలడమూ రెండూ ఆ స్థాయిలోనే ఉన్నాయి. అప్పటినుంచి పద్ధతులు మెరుగుపడ్డాయి, మౌస్ కదలిక, పరికరం వివరాలు వంటివి కలిపితే ఫలితం ఇంకా బాగుంటుంది. అయినా ఒక లెక్క మారదు.

10 లక్షల లాగిన్లలో 100 దొంగవి అనుకుందాం. మన వ్యవస్థ నూటికి 99 మంది దొంగలను పడుతుంది, నూటికి ఒక్క నిజమైన ఖాతాదారును మాత్రమే పొరపాటున అనుమానిస్తుంది అనుకుందాం. వినడానికి అద్భుతం. కానీ పట్టుబడే దొంగలు 99 మంది, అనుమానానికి గురయ్యే అమాయకులు 9,999 మంది. మోగిన హెచ్చరికల్లో నూటికి ఒక్కటి కూడా నిజం కాదు! అందుకే లయ తేడా వచ్చిందన్న ఒక్క కారణంతో ఖాతాను స్తంభింపజేసే వ్యవస్థను నేను సమర్థించను. తేడా కనిపిస్తే మరో ఆధారం అడగాలి, పెద్ద మొత్తం బదిలీని కాసేపు ఆపాలి. అంతవరకే.

అపోహ: చేతికి కట్టు కట్టుకున్నా, కీబోర్డు మార్చినా ఖాతా మూసుకుపోతుంది.

వాస్తవం: సరిగ్గా రూపొందించిన చోట అలా జరగదు, అదనపు ధ్రువీకరణతో సరిపోతుంది. ఒంటిచేత్తో టైప్ చేసేవారు, చేతులు వణికేవారు, గొంతుతో రాయించేవారు కూడా ఖాతాదారులే. వారి అలవాటును వారితోనే పోల్చాలి, సగటు మనిషితో కాదు. పాస్‌వర్డ్‌లను దాచి తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవారికి అక్కడ మీటల లయే ఉండదు. దాన్ని అనుమానంగా చూడటం తప్పు. దయచేసి ఈ భయంతో పాస్‌వర్డ్ మేనేజర్‌ను మానేయకండి.

అపోహ: నేను టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ చదివేస్తారు.

వాస్తవం: లయ కొలవడానికి అక్షరం తెలియాల్సిన అవసరం లేదు, చాలా వ్యవస్థలకు సమయాలు చాలు. కానీ సమయాలు కూడా మూగవి కావు. మీటల మధ్య విరామాలనుంచే పాస్‌వర్డ్ గురించి కొంత ఊహించవచ్చని 2001లోనే పరిశోధకులు చూపించారు. ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్, మనిషిని గుర్తుపట్టడానికి వాడే ప్రవర్తనా లక్షణాలను కూడా బయోమెట్రిక్ సమాచారంగానే నిర్వచించింది. పైగా దొంగ సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లో చేరితే అక్షరాలతో పాటు లయను కూడా నమోదు చేసుకోగలదు. కాబట్టి ఈ సమాచారం ఎక్కడ దాస్తున్నారు, ఎంతకాలం ఉంచుతున్నారు, ప్రకటనలకు వాడుతున్నారా అని సేవాసంస్థను నిలదీయడం మీ హక్కు.

అపోహ: ఇది ఉంటే నా పేరుతో ఎవరూ మోసం చేయలేరు.

వాస్తవం: మీ పాత ఖాతాలోకి చొరబడితే పోల్చడానికి మీ అలవాటు ఉంది. మీ వివరాలతో ఇంకెక్కడో కొత్త ఖాతా తెరిస్తే? అక్కడ మీ లయ ఎవరి దగ్గరా లేదు. అప్పుడు వెతికేది వేరే జాడలు. సొంత పేరు, పుట్టిన తేదీ ఎవరైనా ఆలోచించకుండా టైప్ చేస్తారు. వాటిని ఆగి ఆగి కొట్టడం, ఎక్కడినుంచో తెచ్చి అతికించడం, మొదటిసారి చూసే దరఖాస్తును అలవాటైనట్టు చకచకా దాటడం, ఈ మూడూ కలిసి వస్తే నాకు అనుమానం బలపడుతుంది.

అన్నిటికంటే కష్టమైనది మరొకటి. మోసగాడు ఫోన్లో బెదిరిస్తూ బాధితులతోనే డబ్బు పంపిస్తాడు. చేయి ఖాతాదారుదే, లయా వారిదే. మధ్యలో అసాధారణమైన విరామాలు, గమ్యం లేని మౌస్ కదలికలు కొన్నిసార్లు పట్టిస్తాయి, కొన్నిసార్లు పట్టించవు.

అపోహ: ఇక ఓటీపీలు, పాస్‌కీలు (పాస్‌వర్డ్‌కు బదులు వాడే డిజిటల్ తాళంచెవులు) అక్కర్లేదు.

వాస్తవం: నకిలీ సైటు మీ పాస్‌వర్డ్ కాజేయడాన్ని లయ ఆపలేదు. పాస్‌కీ అసలు సైటు చిరునామాకే ముడిపడి ఉంటుంది కాబట్టి అక్కడ అదే మెరుగు. చెల్లింపుల విషయంలో ఐరోపా బ్యాంకింగ్ అథారిటీ 2019లో ప్రవర్తనా బయోమెట్రిక్స్‌ను ఒక ఆధారంగా అంగీకరించింది. అయితే అక్కడి నిబంధనలు కోరేది రెండు వేర్వేరు రకాల ఆధారాలను.