రుద్దకండి, ముందు నంబరు చదవండి

పిల్లలూ,

మీ నాన్న వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. ఆదివారం సంతలో కొన్న ఆ గుండ్రటి డయలూ, వంకర బ్రాకెట్టూ రెండూ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వాడిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానివేనని అమ్మినాయన ఒట్టేసి చెప్పాడట, నిజమేనా తాతయ్యా అని అడిగారు. చెప్తాను. కానీ బ్రాకెట్టును గరుకు కాగితంతో రుద్ది తళతళలాడేలా చేస్తామని రాశారు చూడండి, ఆ పని మాత్రం దయచేసి చెయ్యకండి. ఎయిర్‌ఫోర్సులో విమానాల బాడీ రిపేర్లు చేసినవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నా, అదేమిటో, ఎక్కడ తయారైందో చెప్పే సాక్ష్యమంతా ఆ మురికి కింద, ఆ పాత పెయింటు పొరల్లోనే ఉంటుంది, రుద్దితే ముందు పోయేది అదే.

గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు కలిపి, మెత్తటి టూత్‌బ్రష్‌తో మట్టి మాత్రం తీసి, బాగా ఆరనివ్వండి. థిన్నర్ వద్దు, నెయిల్ పాలిష్ తీసే మందు అసలే వద్దు. స్పిట్‌ఫైర్ భాగాల మీద చాలా నంబర్లు లోహంలో చెక్కినవి కావు, రబ్బరు స్టాంపుతో సిరా ముద్ర వేసినవి, ఒక్కసారి తుడిస్తే ఎనభై ఏళ్ల ముద్ర దూదికి అంటుకుని పోతుంది. ఆరాక గదిలో లైటు ఆర్పేసి, టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు ఆ రేకుకు ఆనించినట్టుగా పట్టి వెలుగు వెయ్యండి. సిరాతో కాకుండా లోహంలో గుద్దిన అక్షరాలుంటే, పగలు కనిపించనివి కూడా నీడలతో సహా లేచి కనిపిస్తాయి. అక్కడ పల్చటి కాగితం పరిచి పెన్సిల్ ఏటవాలుగా రుద్దితే ముద్ర కాగితం మీదికి వస్తుంది.

మొదటి మూడు అంకెలు చూడండి. స్పిట్‌ఫైర్‌ను తయారుచేసిన సూపర్‌మెరీన్ కంపెనీ దాన్ని తన లెక్కలో టైప్ 300 అనేది, మొదటి నమూనా విమానం 1936 మార్చి 5న ఎగిరింది. అందుకే ఆ విమానం భాగాల నంబర్లు చాలావరకు 300తో మొదలవుతాయి. తర్వాత మార్పులు చేసి తెచ్చిన ఒక్కో రకాన్ని మార్క్ అంటారు, 349తో మొదలైతే అది మార్క్ 5 కోసం గీసిన భాగం, 361 అయితే మార్క్ 9 కోసం గీసింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ నంబరు డ్రాయింగుది, విమానానిది కాదు. మొదటి విమానానికి గీసిన బ్రాకెట్టు బాగా పనిచేస్తుంటే తర్వాతి మార్కుల్లోనూ మార్చకుండా అదే బిగించారు, కాబట్టి 300 కనిపించగానే 1940 నాటి యుద్ధంలో ఎగిరిన విమానం ముక్క దొరికిందని గంతులెయ్యకూడదు. అదే 361 కనిపిస్తే మాత్రం మార్క్ 9 రాకముందుది కాదని ధైర్యంగా చెప్పొచ్చు. నంబరు పక్కన చిన్న గుండ్రటి ముద్రలో 6ఎస్ అని ఉంటే సూపర్‌మెరీన్ ఇన్‌స్పెక్టరు చూసి పాస్ చేశాడని, సిబిఎఎఫ్ అని ఉంటే కాజిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీలో తయారైందని అర్థం. పేరు మనకు తెలియని ఎవరో ఒకాయన ఆ ముక్కను చేతిలో తిప్పి చూసి, ఇది పనికొస్తుంది అని సుత్తితో ఒక్క దెబ్బ వేసిన గుర్తు అది. నాకు విమానం మొత్తం మీద కంటే ఆ ముద్ర మీదే ఎక్కువ మమకారం.

డయలు సంగతి వేరు. దాని వెనక కిరీటం బొమ్మ, కింద ఎ, ఎం అక్షరాలు ఫొటోలో కనిపిస్తున్నాయి, అవి బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీవి. నంబరు 6ఎ తో మొదలైంది, అంటే స్టోర్స్ లెక్కలో విమాన పరికరాల సెక్షన్. 5సి అయితే కరెంటు సామాను, 22సి అయితే పైలట్ల దుస్తులు. అయితే ఒకే రకం ఎత్తు చూపే మీటరును స్పిట్‌ఫైర్‌లోనూ పెట్టారు, హరికేన్ అనే ఇంకో యుద్ధవిమానంలోనూ పెట్టారు, బాంబర్లలోనూ పెట్టారు, స్టోర్స్ లోంచి డబ్బా విప్పకుండానే అమ్ముడుపోయినవీ ఉన్నాయి. కాబట్టి ఇది స్పిట్‌ఫైర్‌దే అని అమ్మినాయనే కాదు, ఎవరూ రుజువు చెయ్యలేరు.

ఇంకో విషయం, ఇది మీ అమ్మకు కూడా చదివి వినిపించండి. ఆ అంకెల మీద పసుపు, గోధుమ రంగులో కనిపిస్తున్నది రేడియం పెయింటు కావచ్చు. చీకట్లో వెలగడం లేదు కదా అనుకోవద్దు, వెలిగే పొడి పాడైపోయింది అంతే, రేడియం సగం కావడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పకండి, గీకకండి, పడుకునే గదిలో పెట్టకండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. అద్దం పగిలి ఉంటే కవర్లో పెట్టి మూసేసి ఇక తియ్యకండి.

బాగుచెయ్యడం అంటే కొత్తదానిలా చెయ్యడమేనా అని మీలో చిన్నది అడిగింది కదా, దానికి మన దేశంలోదే ఒక ఉదాహరణ. మొదటి ప్రపంచయుద్ధం నాటి డి హావిలాండ్ డిహెచ్ 9 బాంబర్లు కొన్ని రాజస్థాన్‌లోని బికనీర్‌లో, ఒకప్పుడు ఏనుగుల్ని కట్టేసిన శాలలో, దుమ్ము కొట్టుకుని దొరికాయి. కర్రను చాలావరకు చెదలు తినేశాయి. ఇంగ్లండ్ తీసుకెళ్లి ఒకదాన్ని డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో నిలబెట్టారు, ఇంకొకటి, ఇ8894 నంబరుది, 2019 మేలో మళ్లీ ఎగిరింది. ఎగిరేదానికి కర్ర కొత్తది పెట్టక తప్పదు, మనిషి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది. చూడటానికి పెట్టేదానికి మాత్రం పాతది ఎంత మిగిలితే అంత మేలు. ఈ తేడా పట్టించుకోకుండా అన్నిటికీ కొత్త రంగు పూసేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

లండన్ వెళ్లినప్పుడు హెండన్‌లోని ఆర్‌ఎఎఫ్, అంటే బ్రిటిష్ ఎయిర్‌ఫోర్సు, మ్యూజియంలో డిహెచ్ 9ఎ, ఎఫ్1010 అనే విమానాన్ని తప్పకుండా చూడండి. మన హైదరాబాదు నిజాం డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు కొన్న విమానాల్లో అదొకటి, అందుకే ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ అని ఉంటుంది. 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ మీదుగా పోలండ్ చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి వెనక్కి తెచ్చుకున్నారు.

మళ్లీ మీ బ్రాకెట్టు. రివెట్టు పక్కన తెల్లటి బూజు లాంటి పొడి కనిపిస్తోంది, అది అల్యూమినియం తుప్పు. అంచు పూతరేకుల్లా పొరలు పొరలుగా విడిపోతుంటే లోపలి దాకా తినేసిందని అర్థం, అప్పుడు కదపకుండా మెత్తటి గుడ్డలో పెట్టండి. లేదంటే సబ్బు నీళ్లతో కడిగింది చాలు, పూర్తిగా ఆరాక తేమ లేని డబ్బాలో దాచండి. దానికున్న ఇనుప బోల్టును అసలు గీకొద్దు, అలాంటివాటికి కాడ్మియం అనే లోహపు పూత ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు ఎక్కడైనా మిగిలి ఉంటే అది కాక్‌పిట్ లోపలి రంగు కావచ్చు, దాన్ని విడిగా ఫొటో తియ్యండి.

పొలాల్లో తవ్వితే ఇంకా దొరుకుతాయని మీ ఫ్రెండ్ అన్నాడట, వద్దని చెప్పండి. బ్రిటన్‌లో కూలిన యుద్ధవిమానాలకు 1986 నాటి చట్టం రక్షణ ఉంది, లైసెన్సు లేకుండా తవ్వడం నేరం, పైగా కొన్నిట్లో పైలట్లు ఇంకా అక్కడే ఉన్నారు.

ఈసారి బ్రాకెట్టును అన్ని వైపుల నుంచీ, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు పంపండి. రివెట్ల మధ్య దూరం కొలిచి రాయండి. పెన్సిల్ రుద్దిన కాగితం కూడా స్కాన్ చేసి పంపితే, మొదటి మూడు అంకెలు వచ్చినా చాలు, మిగతాది అందరం కలిసి వెతుకుదాం.

మీ తాతయ్య