స్కాట్లాండ్ పాత చర్చి పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

స్కాట్లాండ్‌లోని ప్రెస్బిటేరియన్ (పాస్టరుతో కలిసి సంఘ పెద్దలు నడిపే ప్రొటెస్టెంట్ శాఖ) చర్చి సంఘాల పాత పుస్తకాలు చదివి, కుటుంబాల వివరాలు వెతికిపెట్టడం నా పని. చాలామంది ఒక పుట్టిన తేదీ, ఒక పెళ్లి తేదీ దొరకగానే చాలనుకుంటారు. వాళ్ల ముత్తాత ఎలా బతికాడో చెప్పే పుస్తకం అదే అలమరాలో ఉంటుంది. దాన్ని తెరవకుండానే వెళ్లిపోతుంటే నాకు బాధేస్తుంది.

అపోహ: చర్చి రికార్డులంటే బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులే.

కాదు. పాస్టరు, సంఘ పెద్దలు కలిసి కూర్చునే సభను అక్కడ కిర్క్ సెషన్ అంటారు. సెయింట్ ఆండ్రూస్‌లో 1559 నుంచే దాని పుస్తకం ఉంది. ఊరివాళ్ల నడవడి మీద విచారణ, పేదలకు సాయం, చాలాచోట్ల బడి వ్యవహారం కూడా సెషనే చూసేది. రాసే గుమస్తా చాలా ఊళ్లలో బడిపంతులే. ఆదివారం చర్చి తలుపు దగ్గర ఎంత కానుక పడింది, అందులోంచి ఏ ముసలామెకు ఎంత ఇచ్చారు, ఏ అనాథ పిల్లాడికి బూట్లు కొన్నారు, అన్నీ రాసేవారు. 1845లో పేదల చట్టం వచ్చి ఆ బాధ్యత వేరే బోర్డుల చేతికి వెళ్లింది. అంతకు ముందు కాలంలో భూమి లేని, వీలునామా రాయని ఒక కూలీ పేరు ఈ లెక్కల్లో తప్ప ఇంకెక్కడా కనిపించకపోవచ్చు. అందుకే పేదింటి వంశం వెతికేవాళ్లను ముందు ఖర్చుల పుస్తకం తెరవమంటాను.

పెళ్లి కాకుండా బిడ్డ పుడితే సెషన్ తల్లిని పిలిపించి తండ్రెవరని అడిగేది. ఆ తర్వాత సంఘమంతా చూస్తుండగా నిలబెట్టి మందలించేవారు. అది క్రూరమే, ఆ పేజీలు చదవడం ఇప్పటికీ కష్టమే. కానీ బాప్తిస్మం రిజిస్టర్‌లో లేని తండ్రి పేరు చాలాసార్లు దొరికేది అక్కడే.

అపోహ: రిజిస్టర్‌లో లేకపోతే పెళ్లే జరగలేదు.

స్కాట్లాండ్ చట్టం ప్రకారం ఇద్దరూ ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకుంటే చాలు, పాస్టరు లేకపోయినా ఆ పెళ్లి చెల్లేది. 1940 దాకా ఇదే పద్ధతి. చర్చి మాత్రం దాన్ని క్రమం తప్పిన పెళ్లి అనేది. కవి రాబర్ట్ బర్న్స్, జీన్ ఆర్మర్ 1788 ఆగస్టు 5న మాక్లిన్ అనే ఊరి సెషన్ ముందుకొచ్చి అలాంటి పెళ్లినే ఒప్పుకున్నారు. బర్న్స్ పేదల నిధికి ఒక గినీ (ఆ కాలపు బ్రిటిష్ డబ్బు) ఇచ్చిన సంగతి కూడా సెషన్ మినిట్స్‌లో ఉంది. ఇంకో మాట: రిజిస్టర్‌లో పెళ్లి కనిపించినా, ఆ తేదీ చాలాసార్లు పెళ్లికి ముందు చర్చిలో ప్రకటన చదివిన రోజుదే.

అపోహ: పేరు లేదంటే ఆ ఊళ్లో పుట్టలేదు.

ప్రభుత్వం జనన మరణాల నమోదు మొదలుపెట్టింది 1855లో. మన రాయలసీమకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. ఆ తరం వాళ్లెవరికీ సర్కారు జనన పత్రం ఉండదు, చర్చి పుస్తకమే ఆధారం. అందులోనూ ఖాళీలు బోలెడు. 1783లో ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను వేశారు. 1794లో తీసేసేదాకా చాలామంది రాయించుకోవడమే మానేశారు. తర్వాత 1843లో 450 మందికి పైగా పాస్టర్లు స్కాట్లాండ్ అధికారిక చర్చి నుంచి ఒకేసారి బయటికొచ్చి ఫ్రీ చర్చ్ అనే వేరే చర్చి పెట్టారు, వాళ్ల వెనక కుటుంబాలూ వెళ్లాయి. కాబట్టి ఒక ఇంటివాళ్లు హఠాత్తుగా మాయమైతే వలస పోయారని తేల్చేయకండి. పక్క సంఘం పుస్తకం చూడండి.

అపోహ: సమాధుల జాబితాలో ఊళ్లో చనిపోయినవాళ్లంతా ఉంటారు.

చాలాచోట్ల అది శవపేటిక మీద కప్పే గుడ్డ అద్దె లెక్క మాత్రమే. అద్దె కట్టలేనివాళ్లు, పసిపిల్లలు అందులో ఉండకపోవచ్చు.

అపోహ: అంతా ఆన్‌లైన్‌లో ఉంది, పేరు కొడితే వచ్చేస్తుంది.

సెషన్ పుస్తకాల ఫొటోలు 2021 నుంచి స్కాట్లాండ్స్ పీపుల్ సైట్‌లో ఉన్నాయి. చాలా పుస్తకాలకు పేర్ల సూచిక లేదు. ఊరు, కాలం పట్టుకుని పేజీ పేజీ చదవాల్సిందే. పాత చేతిరాత అలవాటు కావాలంటే 1800 తర్వాతి పుస్తకంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.

అపోహ: పాత పుస్తకం ముట్టుకోవాలంటే తెల్ల గ్లవ్స్ ఉండాలి.

కాగితానికి అక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుంటే వేళ్లకు పట్టు తెలియక పేజీ చిరుగుతుంది. చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టుకుంటే చాలు. మీ సంఘంలో ఇలాంటి పుస్తకం ఉండి పేజీ చిరిగితే సెలోటేప్ మాత్రం అంటించకండి. దాని జిగురు మరక కాగితంలోకి ఇంకిపోతుంది. చిరిగిన ముక్కను కవర్లో పెట్టి, పేజీ నంబరు రాసి, పుస్తకంతోపాటే ఉంచండి.