డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగికి రాత్రిపూట అలజడి: అపోహలు, వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలోని మా ఓపీలో తరచుగా వినే మాట ఇది: "నాన్నగారికి జబ్బు ముదిరిపోయిందండీ, రాత్రంతా అరుస్తున్నారు, నిద్రకు గట్టి బిళ్ళ రాయండి." అప్పటికే ఎవరో బంధువు చెప్పారని, పాత చీటీ చూపించి మందుల షాపులో రిస్పెరిడోన్ (తీవ్ర మానసిక జబ్బులకు వాడే యాంటీసైకోటిక్ మందు) కొని నెలల తరబడి వేస్తున్నవారూ ఉంటారు. వారాల తరబడి కంటిమీద కునుకు లేని కోడలు అలా అడగడంలో తప్పేమీ లేదు. ఆ బిళ్ళ వేస్తే చాలని ధైర్యంగా సలహా ఇచ్చేవారిని మాత్రం నేను సహించలేను.

డిమెన్షియా సాధారణంగా నెలలు, సంవత్సరాల మీద ముదురుతుంది. నిన్నటిదాకా ఒక మాదిరిగా ఉన్న మనిషి రెండు మూడు రోజుల్లోనే తారుమారైతే ముందుగా డెలీరియాన్ని (ఒంట్లోని మరో సమస్య వల్ల హఠాత్తుగా మతి తారుమారవడాన్ని) అనుమానించి, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, సోడియం తగ్గడం, నొప్పి, కొత్తగా వాడిన మందు వంటి కారణాలను వెతకాలి. గుడివాడ వైపు నుంచి తీసుకొచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నంతసేపూ పంచె ముడి లాగేసుకుంటూ ఉంటే, సిగ్గు కూడా పోయిందని కొడుకు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బిగుసుకుపోయి ఉంది. ప్రోస్టేట్ వాపు ఉన్న ఆయనకు జలుబని వేసిన బిళ్ళతో మూత్రం బిగిసిపోయింది, ఆ బాధ నోటితో చెప్పుకోలేకపోయారు. గొట్టం వేసి మూత్రం తీసేశాక, ఏ మత్తు మందూ లేకుండానే ఆ రాత్రి నిద్రపోయారు.

డిమెన్షియా ఉన్న వృద్ధులపై జరిగిన 17 ట్రయల్స్‌ను (మందుల ప్రయోగ పరీక్షలను) పరిశీలించి, రిస్పెరిడోన్ కోవకు చెందిన కొత్త తరం మందులతో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది: సుమారు 10 వారాల ట్రయల్‌లో మందు వాడినవారిలో 4.5 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వాడినవారిలో 2.6 శాతం మంది చనిపోయారు. 2008లో హాలోపెరిడాల్ వంటి పాత మందులకూ ఆ హెచ్చరికను వర్తింపజేసింది. మెదడులో లెవీ బాడీలనే ప్రోటీన్ ముద్దలు పేరుకునే రకం డిమెన్షియాలోనైతే ఒక్క డోసుకే ఒళ్ళంతా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. రోగి తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉండి, మిగతా మార్గాలు ఫలించనప్పుడు మేమూ వీటిని రాస్తాము. అయితే అతి తక్కువ డోసులో, కొద్ది వారాలకే రాసి, ఆరు వారాల లోపు మళ్ళీ చూసి, ఫలితం లేకపోతే మెల్లగా తగ్గించి ఆపేస్తాము. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి రేపే ఆపేయకూడదు, డాక్టరును కలిసి తగ్గించుకోవాలి.

తక్కిన అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. డిమెన్షియాకు వాడే డొనెపెజిల్ బిళ్ళ పోయిన జ్ఞాపకశక్తిని తిరిగి తేదు, కొందరిలో క్షీణతను కొంతకాలం నెమ్మదింపజేసినట్టు కనిపిస్తుంది. అలాగని జబ్బు ముదరగానే దండగని మానేయడమూ సరికాదు, ఎందుకంటే 2012లో వెలువడిన బ్రిటిష్ ట్రయల్‌లో ఆపినవారికన్నా కొనసాగించినవారే మెరుగ్గా ఉన్నారు. జింకో చెట్టు ఆకుల సారంతో చేసే బిళ్ళలు డిమెన్షియా రాకుండా ఆపలేవని 3,069 మంది వృద్ధులపై జరిగిన అమెరికన్ ట్రయల్ 2008లోనే తేల్చింది. లెకనెమాబ్ ఇంజెక్షన్ డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌కు, అదీ తొలిదశలో మాత్రమే.

చివరి దశలో తిండి మానేసినవారికి ముక్కు గొట్టం వేస్తే ఆయుష్షు పెరుగుతుందనడానికీ, న్యుమోనియా తప్పుతుందనడానికీ ఆధారం లేదు. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపిన పెరుగన్నమో రాగిజావో చిన్న చెంచాతో పెట్టి, మింగారని చూసుకున్నాకే రెండో చెంచా అందించాలి. తల తిప్పేసుకుంటే బలవంతపెట్టకుండా కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి.