రంగు చూసి ఫిల్టర్ కొనకండి

చిటికెడు పసుపును సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైన తేటను చిన్న గాజు సీసాలోకి వంచుకోండి. స్పిరిట్ కాబట్టి దగ్గర్లో మంట వద్దు. చీకటి గదిలో ఆ సీసా మీద నీలం ఎల్‌ఈడీ వేస్తే లోపలి ద్రవం ఆకుపచ్చగా వెలుగుతుంది. పసుపులో ఉండే కర్కుమిన్ నీలం కాంతిని మింగి, అంతకన్నా తక్కువ శక్తి ఉన్న ఆకుపచ్చను బయటికి వదుల్తుంది. దీన్నే ఫ్లోరోసెన్స్ అంటాం. అయితే ఆ ఆకుపచ్చ అంత తేలిగ్గా కనబడదు, ఎందుకంటే ఎల్‌ఈడీ నీలం సీసా మీదా బల్ల మీదా గోడ మీదా పడి తిరిగొచ్చి కళ్ళలో కొడుతుంటే అసలు వెలుగు అందులో కొట్టుకుపోతుంది. కంటికి అడ్డంగా ఒక పసుపు ఫిల్టర్ పెడితే నీలం ఆగిపోయి, ఆకుపచ్చ ఒక్కటే మిగులుతుంది. నెల్లూరు, ఒంగోలు కాలేజీ ల్యాబుల్లో, తీరం వెంట రొయ్యల హేచరీల్లో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే: "ఆ పసుపు ఫిల్టర్ యాడ దొరుకుద్ది సార్?" యాడ అన్నది తర్వాత చూద్దాం. ఏ పసుపు అన్నది ముందు తేలాలి.

స్టేషనరీ షాపులో రెండు రకాల పసుపు గ్లాస్ పేపర్లు తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి. వాటిలో ఒకటి 500 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు) కన్నా పొట్టి తరంగదైర్ఘ్యం ఉన్న కాంతినంతా, అంటే నీలాన్నంతా ఆపేయొచ్చు, రెండోది నీలాన్ని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉండొచ్చు. కన్ను ఈ తేడా పట్టుకోలేదు. దానికున్నవి మూడు రకాల రంగు కణాలే, అవి ఇచ్చే మూడు లెక్కలు కలిపి మెదడు "పసుపు" అని తేల్చేస్తుంది, లోపల ఏ తరంగదైర్ఘ్యం ఎంత ఉందో దానికి పట్టదు. ఫిల్టర్‌కు మాత్రం పట్టాల్సింది అదే. అందుకే మంచి ఫిల్టర్‌తో పాటు ఒక గ్రాఫ్ వస్తుంది: కింద తరంగదైర్ఘ్యం, పక్కన ఎంత శాతం కాంతి దాటుతుందో. గ్రాఫ్ లేని ఫిల్టర్ అంటే ఇంకా పరీక్ష చేయని రంగు కాగితమే.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత డీవీడీ ఒకటి చాలు, దాని గాడులు కాంతిని రంగులుగా విడదీస్తాయి. దాని మీద గాడుల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకు సుమారు 1350 గీతలు. సీడీ అయితే 625. చెప్పుల డబ్బాకు ఒక చివర రెండు బ్లేడు అంచులు వెంట్రుక సందు వదిలి అతికించి, రెండో చివర డీవీడీ ముక్కను ఏటవాలుగా పెట్టి, పైన చిన్న కంత చేసి చూడండి. తెల్ల ఎల్‌ఈడీ బల్బు వైపు తిప్పితే ముందు గట్టి నీలం పట్టీ, దాని పక్కన కాస్త మసక, ఆ తర్వాత ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా వెడల్పుగా పరుచుకున్న వెలుగు కనబడతాయి. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలం చిప్పే, 450 నానోమీటర్ల దగ్గరది. దాని మీద పూసిన పసుపు రంగు ఫాస్ఫర్ అనే రసాయన పొడి మిగతా రంగుల్ని పుట్టిస్తుంది. ఇప్పుడు సందు ముందు ఒక గ్లాస్ పేపర్ పెట్టండి. మంచిదైతే నీలం పట్టీ తుడిచేసినట్టు పోతుంది. నాసిరకమైతే పట్టీ పలచబడుతుంది గానీ అక్కడే ఉంటుంది. తర్వాత రెండో కాగితం పెట్టి చూస్తే, కిటికీ దగ్గర ఒకేలా కనబడ్డవి ఇక్కడ విడిపోతాయి.

ఇది కొత్త విద్యేం కాదు. 1852లో స్టోక్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్లోరోసెన్స్ మీద పనిచేసినప్పుడు ఎండను నీలం గాజులోంచి క్వినైన్ ద్రావణం మీదికి పంపి, వెలుగును పసుపు ఫిల్టర్‌లోంచి చూశాడు. నీలం గాజు చర్చి కిటికీ అద్దం ముక్క అనీ, పసుపు ఫిల్టర్ గ్లాసులో పోసిన వైన్ అనీ చెబుతారు. మన రామన్ 1928లో చేసిందీ ఈ దారిలోనే. ఎండను గట్టిగా ఒకచోటికి చేర్చి, దారిలో ఊదా-నీలం ఫిల్టర్, చూసేవైపు పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్. రెండూ ఒకదాని వెనక ఒకటి పెడితే కాంతి అసలు దాటకూడదు. మొదటి ఫిల్టర్ దాటిన కాంతి ద్రవం మీద పడి చెదిరాక, రెండో ఫిల్టర్‌లోంచి చూస్తే సన్నని వెలుగు జాడ కనబడింది, అంటే చెదిరిన కాంతిలో కొంత రంగు మార్చుకుని వచ్చిందన్నమాట. కాంతిని రంగులుగా విడదీసి ఫొటో తీసే స్పెక్ట్రోగ్రాఫ్‌తో గీతలు తీసి కొలవడం ఆ తర్వాత సంగతి. నోబెల్ వరకూ వెళ్ళిన ప్రయోగానికి తొలి పనిముట్లలో ఈ రెండు ఫిల్టర్లున్నాయి. వాటి బలం ఏ రంగును వదిలాయన్న దాంట్లో కన్నా ఎంత కచ్చితంగా ఆపాయన్న దాంట్లోనే ఎక్కువ ఉంది, ఎందుకంటే ఫ్లోరోసెన్స్ అయినా రామన్ చెదరడమైనా వచ్చే వెలుగు అసలు కాంతి ముందు అతి స్వల్పం. వెయ్యో వంతు లీకైనా మునిగిపోతుంది. అందుకే ఫిల్టర్ల మీద ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ) అనే సంఖ్య వేస్తారు. ఓడీ 2 అంటే నూరో వంతు దాటుతుంది, ఓడీ 4 అంటే పదివేలో వంతు.

మళ్ళీ మన పసుపు సీసా దగ్గరికి వద్దాం. మంచి పసుపు ఫిల్టరే పెట్టారు, సీసా ఆకుపచ్చగా మెరిసింది. సంతోషపడే ముందు సీసా తీసేసి అక్కడ ఒక స్టీలు గరిట పెట్టండి. స్టీలుకు ఫ్లోరోసెన్స్ లేదు, అది నల్లగా ఉండాలి. చాలాసార్లు ఉండదు, లేత ఆకుపచ్చ మెరుపు కనబడుతుంది. ఇది నీలం ఎల్‌ఈడీ తోక. పేరుకు 450 అయినా దాని వెలుగు పలచగా 500 దాటి ఆకుపచ్చలోకి పాకుతుంది, పసుపు ఫిల్టర్ దాన్ని మర్యాదగా వదిలేస్తుంది. ఈ తోక కోయడానికి లైటు వైపు ఒక నీలం ఫిల్టర్ కావాలి. గరిట బదులు తెల్ల కాగితమో, ఉతికిన తెల్ల చొక్కానో పెట్టి పరీక్షించొద్దు. వాటిలో తెలుపు పెంచే రసాయనాలు ఉంటాయి, అవే వెలిగి లెక్కంతా తప్పించొచ్చు. వెనక నల్ల చార్టు పెట్టుకోవడం మేలు.

నీలం ఫిల్టర్లకు ఇంకో జబ్బుంది. రంగు ప్లాస్టిక్ షీట్లలో నీలానివి చాలావరకు 700 నానోమీటర్ల దగ్గర్నుంచి మళ్ళీ తెరుచుకుంటాయి. కంటికి ఆ ముదురు ఎరుపు సరిగా ఆనదు కాబట్టి షీటు నీలంగానే కనబడుతుంది. పాలకూర ఆకును స్పిరిట్‌లో నానబెట్టి పత్రహరితం రక్తం రంగులో వెలగడం చూపించాలనుకుంటే ఈ లీకు కొంప ముంచుతుంది, ఎందుకంటే పత్రహరితం వెలిగేది కూడా ఎక్కువగా 670 నుంచి 740 మధ్యే. ఎండకో, పాత ఫిలమెంట్ బల్బుకో నీలం షీటు కట్టి ఈ ప్రయోగం చేస్తే మీరు చూసే ఎరుపులో ఆకుది ఎంతో, లీకుది ఎంతో బ్రహ్మకు కూడా తెలియదు. అదే షీటును నీలం ఎల్‌ఈడీకి కడితే గొడవ లేదు. ఆ ఎల్‌ఈడీలో లీకవడానికి అసలు ఎరుపే లేదు. నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇదే: లైటు సరిగా ఎంచుకుంటే ఫిల్టర్ చవకది సరిపోతుంది, లైటు తప్పయితే ఎంత ఖరీదైన ఫిల్టరూ చాలదు.

నమ్మకం కుదరకపోతే టీవీ రిమోట్ తీసుకోండి. దాని ముందు ఎరుపు గ్లాస్ పేపర్, దాని మీద నీలం గ్లాస్ పేపర్ కలిపి పట్టుకుంటే కంటికి దాదాపు నలుపే. బటన్ నొక్కండి, టీవీ ఆన్ అవుతుంది. రిమోట్ కాంతి 940 నానోమీటర్ల పరారుణం, ఆ రంగులకు అదసలు ఆనదు. డిగ్రీ పిల్లలు ఫిలమెంట్ బల్బు, రంగు కాగితాలు, సోలార్ సెల్ పెట్టి చేసే ప్రాజెక్టుల్లో ఏ రంగు పెట్టినా రీడింగు పెద్దగా మారకపోవడానికి కారణం తరచుగా ఇదే. సోలార్ సెల్ సుమారు 1100 దాకా చూస్తుంది, బల్బు ఇచ్చే శక్తిలో ఎక్కువ భాగం ఆ పరారుణమే. గ్రహణం రోజు ఎక్స్‌రే ఫిల్ములూ రంగు కాగితాలూ కళ్ళకు పెట్టుకోవద్దనడానికి ఇదీ ఒక కారణం: వెలుగు తగ్గింది కదా అని మనం ధైర్యంగా చూస్తుంటాం, పరారుణం లోపలికి పోతూనే ఉంటుంది.

కొన్ని పనులకు ఫిల్టర్ అవసరమే లేదు. హేచరీ ట్యాంకుల్లో విబ్రియో హార్వేయి అనే బాక్టీరియా పెరిగితే రాత్రిపూట నీళ్ళూ రొయ్య పిల్లలూ నీలి-ఆకుపచ్చగా మెరుస్తాయి. దానంతట అదే వెలిగేది కాబట్టి బయటి లైటు అక్కర్లేదు, చీకటికి అలవాటు పడ్డ కళ్ళు కావాలి, అందుకు అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఎవరో సెల్‌ఫోన్ టార్చి వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ట్యాంకుల మధ్య నడవడానికి 620 పైన ఉండే ఎరుపు ఎల్‌ఈడీ పెట్టుకుంటే సరి, చీకట్లో చూసే కణాలు ఆ ఎరుపును దాదాపు పట్టించుకోవు. తెల్ల టార్చికి ఎరుపు కాగితం చుట్టడం కన్నా ఇది ఎంతో నయం. తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపు తక్కువ, కాగితం తర్వాత మిగిలేది ఇంకా తక్కువ, సరిపోలేదని ఇంకో పెద్ద టార్చి తెస్తారు. చలికాలం చివర మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ దగ్గరా అంతే. తాబేలు పిల్లలు వెలుగును బట్టి సముద్రం వైపు పోతాయి, తెలుపు, నీలం లైట్లుంటే దారి తప్పుతాయి. ఫ్లోరిడాలో ఇలాంటి తీరాలకు 560 నానోమీటర్లు, ఆపైన ఉండే దీపాలే వాడమంటారు.

అతినీలలోహితం టార్చిల దగ్గర మాత్రం ఫిల్టర్‌కు డబ్బు పెట్టాలి. కనిగిరి, మార్కాపురం వైపు రాళ్ళు కదిపితే తేళ్ళకు కొదవేముంది, రాత్రి ఈ టార్చి వేస్తే అవి నీలి-ఆకుపచ్చగా వెలుగుతాయి. చవగ్గా దొరికే టార్చిలు 395 నానోమీటర్లవి, వాటి నుంచి ఊదా కాంతి బోలెడు వస్తుంది, తేలుతో పాటు రాయీ రప్పా అన్నీ ఊదాగా కనబడతాయి. 365 టార్చి తీసుకుని, ముందు నల్లగా కనబడే జెడ్‌డబ్ల్యూబీ2 గాజు (కంటికి కనబడే కాంతిని ఆపి అతినీలలోహితాన్ని వదిలేది) ఉందో లేదో చూడండి. ఆ రకం గాజు మొదట చేసింది రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త, చర్మ వైద్యులు వాడే వుడ్స్ ల్యాంప్ పేరు ఆయనదే. ఈ 365 కింద అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం నీలంగానో ఆకుపచ్చగానో వెలుగుతుంది గానీ, వేరుశెనగ గింజ మెరిసిందని విషం ఉన్నట్టు కాదు, మెరవలేదని లేనట్టూ కాదు. అది ల్యాబు తేల్చాల్సిన సంగతి. కళ్ళకు అతినీలలోహితాన్ని ఆపే అద్దాలు పెట్టుకోండి.

ఇక ఎక్కడ దొరుకుతాయంటే. మొదటి మజిలీ పెళ్ళి స్టేజీలకు లైటింగ్ చేసేవాళ్ళు. వాళ్ళ దగ్గర జిలాటిన్ షీట్లు ఉంటాయి, వేడికి తట్టుకుంటాయి. "ఏ రెడ్డు కావాలన్నా, మామూలుదా ముదురుదా?" అని అడుగుతారు; మీరు షీటు కంపెనీ, నంబరు అడగండి. లీ, రోస్కో లాంటి కంపెనీలు ప్రతి షీటుకూ గ్రాఫ్ ఇస్తాయి. లీ 106 ప్రైమరీ రెడ్ అని తెలిస్తే మిగతాది చదువుకోవచ్చు, "మంచి రెడ్డు" అంటే ఏమీ తెలియదు. రెండోది పాత ఫొటో స్టూడియోలు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో వాడిన పసుపు, నారింజ, ఎరుపు గాజు ఫిల్టర్లు సొరుగుల్లో పడి ఉంటాయి. 25 నంబరు ఎరుపు సుమారు 600 దగ్గర తెరుచుకుంటుంది, పని చక్కగా చేస్తుంది. బూజు పట్టిందేమో వెలుగుకు ఎదురుగా చూసి తీసుకోండి, సముద్రం పక్క ఊళ్ళల్లో అది మామూలే. ఎల్‌ఈడీలకు పినాకిని రైలు ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అక్కడ చేత్తో పట్టుకుని వెలిగించి చూసి తెచ్చుకోవచ్చన్నదే లాభం.

నికరమైన కొలతలకైతే ఆప్టికల్ గాజే. షాట్ కంపెనీ ఓజీ515, ఓజీ530 లాంటి పేర్లలో సంఖ్యే అసలు సమాచారం, దాదాపు ఆ నానోమీటర్ల దగ్గర కాంతి సగం దాటుతుంది, కింద ఆగుతుంది. వీటికన్నా కచ్చితంగా కోసేవి ఇంటర్‌ఫరెన్స్ ఫిల్టర్లు, పలచని పొరలు ఒకదానిమీద ఒకటి పూసి చేస్తారు. ఒక చిక్కుంది: చేతిలో పట్టుకుని మెల్లగా వంచండి, ఎరుపుది నారింజ వైపు జరుగుతుంది. కాంతి ఏటవాలుగా పడితే హద్దు పొట్టి తరంగాల వైపు పోతుంది. నాలుగువైపులా చిమ్మే టార్చి ముందు వీటిని పెడితే పెట్టిన డబ్బు దండగ, ముందు లెన్స్‌తో కాంతిని సమాంతరం చేయాలి. రంగు గాజుకు, షీట్లకు ఈ బాధ లేదు. షీట్లకున్న బాధ ఎండ. మే నెల నెల్లూరు ఎండలో కిటికీ దగ్గర వదిలేస్తే రంగు దిగుతుంది, దిగినట్టు కంటికి తెలిసేలోపే గ్రాఫ్ మారిపోయి ఉంటుంది. బీరువాలో పెట్టి, అప్పుడప్పుడు డీవీడీ డబ్బాతో చూసుకోండి.

అమ్మేవాళ్ళు గ్రాఫ్ పంపితే అది 400 నుంచి 700 దాకానే ఉందేమో గమనించండి. మీరు వాడేది కన్ను కాక కెమెరానో, కాంతిని కొలిచే ఫోటోడయోడో అయితే 1100 దాకా ఉన్నది పంపమనండి. డబ్బులు తక్కువగా ఉంటే ముందు ఎల్‌ఈడీ, తర్వాత చూసేవైపు పెట్టే పసుపుది. లైటు వైపు నీలం ఫిల్టర్ ఆఖర్న కొనండి, అదీ స్టీలు గరిట మెరుస్తోందని తేలితేనే.