కొండెక్కిన కాంట్రాక్టులు: డెన్వర్‌లో పిచర్లు ఎందుకు నిలవరు?

2025 మే 10న అమెరికాలోని డెన్వర్‌లో, కూర్స్ ఫీల్డ్ మైదానంలో, బేస్‌బాల్ జట్టు శాన్ డియేగో పాడ్రేస్ 21 పరుగులు కొట్టింది. సొంత మైదానంలో ఆడుతున్న కొలరాడో రాకీస్ కొట్టింది సున్నా. మర్నాడు రాకీస్ గెలిచింది కూడా. అయినా మ్యాచ్ అయ్యాక మేనేజర్ బడ్ బ్లాక్‌ని ఇంటికి పంపేశారు. (బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే క్రికెట్‌లో హెడ్ కోచ్ లాంటివాడు.) అప్పటికి జట్టు ఖాతాలో 7 గెలుపులు, 33 ఓటములు. సీజన్ ముగిసేసరికి అవి 43, 119 అయ్యాయి.

ఇందులో పిచర్ల (క్రికెట్‌లో బౌలర్లలా బంతి వేసేవాళ్ల) వాటా పెద్దది. ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి వదిలేసి, ఒక పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున ఎన్ని పరుగులు ఇస్తున్నాడో చెప్పే లెక్కే ఈఆర్ఏ. నాలుగు ఉంటే ఫరవాలేదు, మూడు లోపు ఉంటే మొనగాడు, అయిదు దాటితే ఉద్యోగానికి ఎసరు. 2025లో రాకీస్ స్టార్టింగ్ పిచర్లందరి (మ్యాచ్ మొదలుపెట్టేవాళ్ల) ఈఆర్ఏ కలిపి 6.65. ఈఆర్ఏని అధికారికంగా లెక్కించడం మొదలుపెట్టిన 1913 నుంచి ఏ జట్టు స్టార్టర్లూ ఇంత అధ్వానంగా వేయలేదు.

ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి జవాబు ‘డెన్వర్ గాలి’. అది నిజమే, కానీ సగం నిజం. ఆ 21-0 మ్యాచ్‌లోనే పాడ్రేస్ పిచర్ స్టీఫెన్ కొలెక్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఒక్కడే వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ సాయంత్రం ఇద్దరికీ ఒకే మైదానం, ఒకే గాలి. మిగతా సగం తెలియాలంటే ఈ జట్టు ముప్ఫై ఏళ్లుగా పిచర్లను ఎలా కొన్నదో, ఎలా పోగొట్టుకున్నదో చూడాలి.

ముందు గాలి సంగతి. డెన్వర్ సముద్ర మట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. కూర్స్ ఫీల్డ్ పై అంతస్తులో ఒక వరుస కుర్చీలకు ఊదారంగు వేశారు, సరిగ్గా 5,280 అడుగుల ఎత్తు, అంటే ఒక మైలు, అక్కడే అని గుర్తు. అంత ఎత్తులో గాలి పల్చన. సముద్రతీర నగరాలతో పోలిస్తే సాంద్రత అయిదో వంతు దాకా తక్కువ. కొట్టిన బంతికి అడ్డు తగ్గి దూరం పోతుంది. ఇది అందరికీ తెలిసిన విషయమే. అంతకంటే పెద్ద తలనొప్పి వేసిన బంతితో వస్తుంది. పిచర్ వేళ్లతో తిప్పి వదిలిన బంతి గాలిని పట్టుకునే వంగాలి. ఆ గాలే పల్చబడితే వంపు తగ్గుతుంది. తీరప్రాంతంలో 18 అంగుళాలు వంగే కర్వ్‌బాల్ ఇక్కడ 15 దగ్గరే ఆగిపోతుంది. మబ్బు పట్టిన ఉదయం చెలరేగిన స్వింగ్ బౌలర్‌ని ఎండకాసే మధ్యాహ్నం అదే బంతితో వేయమన్నట్టు. ఆ మూడు అంగుళాలే బ్యాటర్ బ్యాట్ అంచుకీ నడుమకీ ఉన్న తేడా.

హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి) మరీ ఎక్కువ కాకూడదని 1995లో స్టేడియం కట్టినప్పుడే కంచెలను వెనక్కి జరిపారు. మధ్యలో 415 అడుగులు, ఎడమవైపు 347, కుడివైపు 350. దాంతో ఔట్‌ఫీల్డ్ విశాలమైంది, ఫీల్డర్ల మధ్య ఖాళీలు పెరిగాయి, మామూలు మైదానంలో క్యాచ్ అయ్యే బంతులు ఇక్కడ నేలను తాకడం మొదలైంది. హోమ్ రన్లూ తగ్గలేదు. 1999లో ఆ ఒక్క మైదానంలో 303 హోమ్ రన్లు పడ్డాయి. 81 మ్యాచ్‌లలో! ఒక సీజన్‌లో ఒక మైదానానికి అదే రికార్డు. 

ఇలాంటి చోటికి పేరున్న పిచర్ ఎందుకు వస్తాడు? ఐపీఎల్ వేలం అలవాటైన మనకు ఇక్కడ ఒక తేడా గుర్తుండాలి. వేలంలో సుత్తి ఎవరి పేరు మీద పడితే ఆటగాడు అక్కడికి పోతాడు. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయి ఫ్రీ ఏజెంట్ అయిన ఆటగాడు తన జట్టును తనే ఎంచుకుంటాడు. తన లెక్కలు పాడుచేసే ఊరిని ఎంచుకోవాలంటే మిగతావాళ్ల కంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ ఏళ్లు అడుగుతాడు. అంటే డెన్వర్ కొనే ప్రతి పిచర్‌కీ ముందే అసలు ధర మీద అదనం పడుతుంది. చేతికి వచ్చేసరికి సరుకు బలం తగ్గుతుంది.

మొదటి పాఠం డారిల్ కైల్. 1997లో హ్యూస్టన్ తరఫున 19 గెలుపులు (బేస్‌బాల్‌లో గెలుపోటములను పిచర్ పేరు మీదా రాస్తారు), 2.57 ఈఆర్ఏ. లీగ్‌లో చెప్పుకోదగ్గ కర్వ్‌బాల్ అతనిది. రాకీస్ మూడేళ్లకు 2.4 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకుంది. పల్చని గాలిలో మొదట దెబ్బతినేది కర్వ్‌బాలే కాబట్టి, ఇంతమంది పిచర్లలో సరిగ్గా అతన్నే ఎంచుకోవడం ఇప్పుడు చూస్తే విడ్డూరంగా ఉంటుంది. 1998లో 17 ఓటములు. 1999లో ఈఆర్ఏ 6.61. ఆ ఏడాది చివర్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి ఇచ్చేశారు, అక్కడ మొదటి సీజన్‌లోనే కైల్ 20 మ్యాచ్‌లు గెలిచాడు. కర్వ్ మళ్లీ వంగింది. (2002 జూన్‌లో, ఇంకా కార్డినల్స్‌కి ఆడుతుండగానే, గుండెజబ్బుతో చనిపోయాడు. 33 ఏళ్లు.)

పాఠం అయితే జరిగింది కానీ నేర్చుకున్నట్టు కనపడదు. 2000 డిసెంబరులో కొత్త జనరల్ మేనేజర్ (ఆటగాళ్లను కొనే, మార్చుకునే అధికారి) డాన్ ఓడౌడ్ కొద్ది రోజుల వ్యవధిలో ఇద్దరు లెఫ్ట్ హ్యాండర్లను కొన్నాడు. డెనీ నీగల్‌కి అయిదేళ్లు, 5.1 కోట్లు. మైక్ హ్యాంప్టన్‌కి ఎనిమిదేళ్లు, 12.1 కోట్ల డాలర్లు. బేస్‌బాల్ చరిత్రలోనే అప్పటికి అతి పెద్ద ఒప్పందం, అయితే ఆ కిరీటం కొద్ది రోజులే. అదే వారంలో టెక్సస్ అలెక్స్ రోడ్రిగెజ్‌కి రెట్టింపు కంటే ఎక్కువ ఇచ్చింది. హ్యాంప్టన్ 1999లో 22 మ్యాచ్‌లు గెలిచినవాడు, 2000లో న్యూయార్క్ మెట్స్‌ని వరల్డ్ సిరీస్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి, చేర్చినవాడు. కొలరాడో ఎందుకని అడిగితే పిల్లల స్కూళ్లు బాగుంటాయన్నాడు. న్యూయార్క్ పత్రికలు ఆ మాట మీద చాన్నాళ్లు నవ్వుకున్నాయి.

హ్యాంప్టన్ వెనక ఒక తర్కం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. అతను సింకర్ (బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగే బంతి) వేస్తాడు, దాన్ని కొడితే నేలమీదికే పోతుంది, నేలమీద పోయే బంతికి పల్చని గాలితో పనేముంది? మొదటి రెండు నెలలు అది పనిచేసినట్టే కనిపించింది, ఆల్ స్టార్ జట్టుకీ ఎంపికయ్యాడు. తర్వాత సింకర్ దిగడం మానేసింది. సింకర్‌కీ గాలే ఆధారం మరి! 2001 ముగిసేసరికి ఈఆర్ఏ 5.41. అదే ఏడాది బ్యాట్ పట్టి 7 హోమ్ రన్లు కొట్టాడు. అంటే పిచర్‌గా దెబ్బతీసిన గాలి బ్యాటర్‌గా అతనికి కాస్త తిరిగిచ్చింది. 2002లో 7 గెలుపులు, 15 ఓటములు, 6.15. నీగల్ పరిస్థితీ అంతే, రెండేళ్లూ అయిదు పైనే, మూడో ఏడు 7.90. ఆ తర్వాత మేజర్ లీగ్‌లో అతను మళ్లీ బంతి వేయలేదు.

హ్యాంప్టన్‌ని వదిలించుకోవడానికి కూడా ఖర్చయింది. 2002 నవంబరులో మయామీ వైపు జట్టు మార్లిన్స్‌కి పంపారు, జతగా ఔట్‌ఫీల్డర్ హువాన్ పియరీని ఇవ్వాల్సివచ్చింది, అటునుంచి బరువైన ఒప్పందాలున్న ఆటగాళ్లను తీసుకోవాల్సివచ్చింది. మార్లిన్స్ రెండు రోజుల్లో హ్యాంప్టన్‌ని అట్లాంటాకి మళ్లించింది. పియరీని మాత్రం ఉంచుకుని మరుసటి ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచింది. అట్లాంటాలో హ్యాంప్టన్ ఈఆర్ఏ మొదటి ఏడే నాలుగు లోపుకి దిగింది.

విచిత్రం ఏమిటంటే, 17 కోట్ల డాలర్లు పైగా పోసి కొన్న ఇద్దరికంటే ఎక్కువ పని ఒక తోలు బూట్ల జత చేసింది. స్టేడియంలో కరెంటు పనులు చూసే టోనీ కోవెల్ వేటకు వెళ్లినప్పుడు తడిసిన బూట్లు ఎండి బిగుసుకుపోయాయట. బంతి పైపొర కూడా తోలే కదా, డెన్వర్ పొడి గాలిలో అదీ ఎండి గట్టిపడి, జారుడుగా తయారవుతోందేమో అనిపించింది. అలా 2002లో బంతులను నిలవ ఉంచడానికి తేమ గది వచ్చింది. పేరు హ్యుమిడార్. లోపల 70 డిగ్రీల ఫారెన్‌హీట్, 50 శాతం తేమ. మ్యాచ్ రోజు వరకూ బంతులు అందులోనే. బంతి కాస్త మెత్తబడింది, పిచర్ వేళ్లకి పట్టు దొరికింది, హోమ్ రన్లు తగ్గాయి. మొదట్లో నవ్వినవాళ్లూ అనుమానించినవాళ్లూ ఉన్నారు. 2022 నాటికి మొత్తం 30 జట్ల మైదానాల్లోనూ హ్యుమిడార్లు వచ్చేశాయి.

డబ్బు అయిపోయాక, వేరే దారి లేక, జట్టు సొంత కుర్రాళ్లను పెంచుకుంది. జట్టుకి కలిసొచ్చింది అప్పుడే. 2007లో జెఫ్ ఫ్రాన్సిస్, ఆరన్ కుక్, 23 ఏళ్ల ఉబాల్డో హిమెనెజ్, చివర్లో మానీ కోర్పాస్, అందరూ ఇక్కడే పెరిగినవాళ్లు. 22 మ్యాచ్‌లలో 21 గెలిచి వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు, అక్కడ బోస్టన్ చేతిలో 4-0తో ఓడారనుకోండి. 2010లో హిమెనెజ్ 19 గెలుపులు, 2.88 ఈఆర్ఏ. జట్టు చరిత్రలో అందరికంటే ఎక్కువగా 86 మ్యాచ్‌లు గెలిచిన హోర్హే డె లా రోసా 2008లో కాన్సస్ సిటీ నుంచి వచ్చినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ ఊరి గాలికి చిన్నప్పటి నుంచీ అలవాటుపడటం అనేది ఏదో ఉందని నా అభిప్రాయం. అంటే ఊపిరి గురించి అనడం లేదు. ఏ బంతి ఇక్కడ పనిచేయదో కెరీర్ మొదట్లోనే తెలుసుకుని, దాన్ని నమ్ముకోకుండా ఎదగడం.

మధ్యలో ప్రయోగాలూ జరిగాయి. 2012లో అయిదుగురు స్టార్టర్ల బదులు నలుగురితో, ఒక్కొక్కరికి సుమారు 75 బంతుల హద్దు పెట్టి ఆడారు. 98 ఓటములు వచ్చాయి. దాన్ని మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

2017, 2018లలో మళ్లీ ఇంట్లో పెరిగినవాళ్లు, కుర్రాళ్లుగా తెచ్చుకున్నవాళ్లు కలిసి ఒక మంచి దళం తయారైంది. కైల్ ఫ్రీలాండ్ డెన్వర్‌లోనే పుట్టి పెరిగినవాడు, 2018లో 17 గెలుపులు, 2.85 ఈఆర్ఏ. పక్కన హెర్మన్ మార్కెజ్, జాన్ గ్రే, టైలర్ ఆండర్సన్. 

సరిగ్గా అప్పుడే జనరల్ మేనేజర్ జెఫ్ బ్రిడిచ్ బుల్‌పెన్ కోసం సంచి విప్పాడు. స్టార్టర్ అలసిపోయాక వచ్చి మ్యాచ్ ముగించే పిచర్ల (రిలీవర్ల) దళమే బుల్‌పెన్. 2017-18 చలికాలంలో వేడ్ డేవిస్‌కి మూడేళ్లకు 5.2 కోట్లు, బ్రయన్ షాకి 2.7, జేక్ మెగీకి 2.7. మొత్తం 10.6 కోట్ల డాలర్లు. రిలీవర్ల రాబడి ఏడాదికి ఏడాది ఊగిసలాడుతుందని లీగ్‌లో అందరికీ తెలుసు, వాళ్లకి మూడేళ్లు రాసివ్వడం ఏ ఊళ్లోనైనా జూదమే. డేవిస్ మొదటి ఏడు 43 మ్యాచ్‌లను కాపాడాడు, జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. కాబట్టి పూర్తిగా నీళ్లపాలు అనలేం. కానీ అదే ఏడాది షా 5.93, మెగీ 6.49. మరుసటి ఏడాది డేవిస్ 8.65. 2020లో సీజన్ మొదలయ్యే ముందే షాని, మెగీని, సీజన్ చివర్లో డేవిస్‌ని వదిలేశారు. మెగీ నేరుగా లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్లి ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ విజేతలకిచ్చే ఉంగరం తొడుక్కున్నాడు.

అటుపైన జరిగినదానికి గాలిని తిట్టలేం. 2021 ఫిబ్రవరిలో జట్టు ఉత్తమ ఆటగాడు నోలన్ అరెనాడోని సెయింట్ లూయిస్‌కి ఇచ్చేసి, తోడుగా సుమారు 5 కోట్ల డాలర్లు కూడా ఇచ్చారు. అదే ఏడాది జాన్ గ్రేని వేసవిలో ఎవరికీ మార్చుకోలేదు, చలికాలంలో నిలబెట్టుకోనూ లేదు. ఊరికే వెళ్లిపోయి టెక్సస్‌లో చేరాడు, 2023లో అతనికీ ఉంగరం వచ్చింది. ఆండర్సన్ డాడ్జర్స్‌కి వెళ్లి 2022లో 15 గెలుపులు, 2.57. ఇంట్లో పెంచుకోవడమే ఏకైక దారి అయిన జట్టు, పెంచినవాళ్లను ఇలా చేజార్చుకుంటే ఇంకేం మిగులుతుంది? మరోపక్క 2022 మార్చిలో బ్యాటర్ క్రిస్ బ్రయంట్‌కి ఏడేళ్లకు 18.2 కోట్లు. వెన్నునొప్పి, ఇతర గాయాలతో అతను నాలుగేళ్లలో ఆడింది 170 మ్యాచ్‌లు. ఒక సీజన్‌కే 162 ఉంటాయి. ఆ ఒప్పందం 2028 దాకా నడుస్తుంది.

యజమాని డిక్ మోన్‌ఫర్ట్ సొంత మనుషుల్ని నమ్మే రకం. ఓడౌడ్ తర్వాత బ్రిడిచ్, తర్వాత బిల్ ష్మిట్, ఇద్దరూ లోపలినుంచి ఎదిగినవాళ్లే. బంతి కదలికను కెమెరాలతో కొలిచి పిచర్లను మార్చేసే పద్ధతులు లీగ్ అంతా అల్లుకుపోతుంటే, వాటి అవసరం అందరికంటే ఎక్కువున్న జట్టు వెనకబడింది. ఓడినా స్టేడియం నిండుతుంది, అదొక సుఖం. 119 మ్యాచ్‌లు ఓడిన ఏడాదిలో కూడా 20 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. వేసవి సాయంత్రం, వెనకాల కొండలు, చల్లటి బీరు. జనాన్ని తప్పుపట్టలేం.

2025 నవంబరులో, ఓడౌడ్ తర్వాత మొదటిసారి, బయటి మనిషికి తాళాలిచ్చారు. పాల్ డిపొడెస్టా, ఒకప్పుడు ఓక్లాండ్‌లో గణాంకాలతో జట్టు కట్టినవాళ్లలో ఒకడు, తర్వాత పదేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఉండి తిరిగొచ్చాడు. అతని ముందున్న లెక్కకు యువ పిచర్ చేజ్ డొలాండర్ పేరు పెట్టవచ్చు. 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో) తొమ్మిదో ఎంపిక, 2025లో తొలి సీజన్. బయటి మైదానాల్లో అతని ఈఆర్ఏ నాలుగు లోపే. కూర్స్ ఫీల్డ్‌లో తొమ్మిది దాటింది. ఫ్రీ ఏజెంట్ అయితే ఈ అంకెలు చూసుకుని ఇంకో ఊరు వెతుక్కుంటాడు. డొలాండర్‌కి ఆ వీలు రావడానికి ఇంకా చాలా ఏళ్లుంది.